పరిశోధన అవార్డు వచ్చిందట - పంపాలా, వద్దా?

ఇంజనీరింగు చదివే పిల్లలున్న ఇళ్ళల్లో వినిపించే మాటలు ఈమధ్య కొంచెం మారాయి. ఇదివరకు ర్యాంకెంత, సీటెక్కడ, ఉద్యోగమెప్పుడు అనే మూడు ప్రశ్నలతో సరిపోయేది. ఇప్పుడు వాటికి తోడు 'రీసెర్చి అవార్డు', 'ఫెలోషిప్పు', 'ఫలానా దేశం యూనివర్సిటీతో మా డిపార్టుమెంటుకి ఒప్పందం' అనే మాటలు కూడా భోజనాల దగ్గరికి వచ్చి కూర్చున్నాయి. మనం వడ్డిస్తూ వింటూ వుంటాం. సగం అర్థమవుతుంది, సగం కాదు. అడిగితే పిల్లలు "నీకు తెలియదులే అమ్మా" అంటారు.

ఇంతలో ఒకరోజు మూడో సంవత్సరం చదివే అమ్మాయి వచ్చి, "అమ్మా, నన్ను ఎంపిక చేశారు. ఎండాకాలం సెలవుల్లో మూడు నెలలు జర్మనీలో ఒక ప్రయోగశాలలో పనిచెయ్యాలి" అంటుంది. నాన్నగారు బ్యాంకు పుస్తకం తీస్తారు. నాయనమ్మ "పెళ్ళీడు పిల్లని ఒంటరిగా అంతదూరమా?" అంటుంది. చివరికి అందరి చూపూ అమ్మ వైపు తిరుగుతుంది. సంతకం నాన్నగారిదే అయినా, ఔననీ కాదనీ చెప్పే మాట చాలా ఇళ్ళల్లో అమ్మదే. ఆ మాట చెప్పేముందు విషయం తెలుసుకుని చెబుదామనే ఈనాటి ప్రసంగం.

ముందు, ఈ పరిశోధన అవార్డు అంటే ఏమిటో చూద్దాం. మార్కులు బాగా వచ్చినందుకు ఇచ్చే మెడలు, కప్పులు మనకు తెలుసు. ఇది వేరు. పరీక్షలో తెలిసిన ప్రశ్నకు తెలిసిన జవాబు రాస్తారు. పరిశోధనలో జవాబు ఇంకా ఎవరికీ తెలియని ప్రశ్న పట్టుకుంటారు. మన వంటింట్లోంచే చెబుతాను. బోరు నీళ్ళల్లో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు. అప్పుడు మనం ఏం చేస్తాం? లోపం పప్పుదా, నీళ్ళదా, మంటదా అని ఆలోచిస్తాం. అదే పప్పుని మంచినీళ్ళల్లో వేసి చూస్తాం. ఉడికింది! అయితే లోపం నీళ్ళదే, అందులోని సున్నపు గుణానిదే. ఒక్కొక్కటే మార్చి చూసి కారణం పట్టుకోవడం, పట్టుకున్నదాన్ని మరొకరు కూడా చేసి చూసుకునేలా రాసిపెట్టడం, ఈ రెండూ కలిస్తే పరిశోధన. ఇంజనీరింగు డిపార్టుమెంటులో పిల్లలు చేసేదీ ఇదే. పప్పుకు బదులు కాంక్రీటు, బ్యాటరీ, వైర్లెస్సు యాంటెన్నా వుంటాయి, అంతే తేడా.

ఈ పనికి ఇచ్చే గుర్తింపులు నాలుగు రకాలు. చివరి సంవత్సరం ప్రాజెక్టుకో, ఎం.టెక్., పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథానికో డిపార్టుమెంటు ఇచ్చే బహుమతి ఒకటి. దేశం మొత్తం మీద పోటీపెట్టి ఇచ్చేవీ వున్నాయి. ఉదాహరణకు భారత జాతీయ ఇంజనీరింగు అకాడమీ వారు విద్యార్థుల కొత్త ప్రాజెక్టులకు బి.టెక్., ఎం.టెక్., పిహెచ్.డి. స్థాయిల్లో విడివిడిగా అవార్డులు ఇస్తున్నారు. రెండోది ఫెలోషిప్పు. ఇది నెలనెలా వచ్చే భృతి. మూడోది, రాసిన పరిశోధన వ్యాసాన్ని ఇతర దేశంలో సభలో చదవడానికి ఇచ్చే ప్రయాణ ఖర్చు. నాలుగోది, పరాయి దేశపు ప్రయోగశాలలో కొన్నాళ్ళు పనిచేసే అవకాశం.

డబ్బు మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. పక్కింటి అబ్బాయి కంపెనీలో చేరి మొదటి నెలకే జీతం తెస్తుంటే, మనవాడు ఇంకా 'స్కాలర్షిప్పు' అంటుంటే ఏ తల్లికైనా గుబులు పుడుతుంది. గేట్ పరీక్ష రాసి ఎం.టెక్.లో చేరినవారికి నెలకు 12,400 రూపాయలు ఇవ్వడం చాలా ఏళ్ళుగా వున్న పద్ధతి. పిహెచ్.డి. చేసేవారి జూనియర్ ఫెలోషిప్పును 2023 జనవరి నుంచి వర్తించేలా 31,000 నుంచి 37,000కు పెంచారు. రెండేళ్ళు గడిచి సీనియర్ అయితే 42,000. ఇంటద్దె భత్యం వేరే. 2018లో ప్రకటించిన ప్రధానమంత్రి పరిశోధన ఫెలోషిప్పు ఇంకా పెద్దది. అందులో నెలకు 70,000తో మొదలై చివరి రెండేళ్ళకు 80,000 అయ్యేలా, పరిశోధన ఖర్చులకు ఏడాదికి మరో రెండు లక్షలు ఇచ్చేలా ఏర్పాటు చేశారు. కాబట్టి పరిశోధన చేసే పిల్ల 'ఇంకా చదువుకుంటూనే వుంది' అని మనం దిగులుపడనక్కరలేదు. ఆ అమ్మాయి ఒక పని చేస్తోంది. ఆ పనికి దేశం కూలి ఇస్తోంది.

ఇక విదేశీ ఒప్పందాల సంగతి. పల్లెటూళ్ళల్లో ఒకరింట్లో పెద్ద తిరగలి వుంటే, మరొకరింట్లో మంచి రోలు వుండేది. వీళ్ళు అక్కడికి, వాళ్ళు ఇక్కడికి వెళ్ళి పని జరుపుకునేవారు. యూనివర్సిటీల చెలిమి కూడా అలాంటిదే. ఒకచోట ఖరీదైన యంత్రం వుంటుంది. ఇంకొకచోట ఆ విషయంలో చెయ్యితిరిగిన ఆచార్యుడుంటాడు. మరొకచోట పరిశీలించవలసిన సమస్యే వుంటుంది. ముగ్గురూ కలిస్తేగాని పని తెమలదు.

మన దేశంలో ఇదేమీ కొత్త ముచ్చట కాదు. మన తొలి ఐ.ఐ.టి.లు చాలావరకు ఇలా పుట్టినవే. బొంబాయి ఐ.ఐ.టి. 1958లో సోవియట్ సహాయంతో, యునెస్కో ద్వారా మొదలయింది. మద్రాసు ఐ.ఐ.టి.కి 1959లో పశ్చిమ జర్మనీ చెయ్యందించింది. ఢిల్లీకి బ్రిటన్ తోడు నిలిచింది. కాన్పూరు ఐ.ఐ.టి.కి 1962 నుంచి 1972 వరకు పదేళ్ళపాటు తొమ్మిది అమెరికన్ విశ్వవిద్యాలయాలు కలిసి సాయపడ్డాయి. 1963లో అక్కడికి ఐ.బి.ఎం. 1620 అనే కంప్యూటరు వచ్చింది. కంప్యూటరు అనే మాటే మన దేశంలో చాలామంది వినని రోజులవి. అక్కడి విద్యార్థులు దానిమీద స్వయంగా పని నేర్చుకున్నారు. పదేళ్ళయ్యాక ఆ ఒప్పందం ముగిసింది, కాలేజీ మాత్రం తన కాళ్ళమీద నిలబడింది. బిడ్డకు నడక నేర్పేవాళ్ళు ఒకనాటికి చెయ్యి వదలాలి కదా! మంచి ఒప్పందానికి అదే గుర్తు.

మన ఇంటి దగ్గరి ఉదాహరణ కావాలంటే హైదరాబాదు ఐ.ఐ.టి. వుంది. 2008లో, అప్పటి మెదక్ జిల్లా ఎద్దుమైలారంలోని ఆర్డినెన్సు ఫ్యాక్టరీ ఆవరణలో తాత్కాలికంగా తరగతులు మొదలుపెట్టారు. 2015లో కందిలోని సొంత ఆవరణకు వెళ్ళారు. ఇప్పుడది సంగారెడ్డి జిల్లా. దీనికి జపాను తోడు. ఆ దేశపు సహాయ సంస్థ జైకా భవనాల నిర్మాణానికి రుణమిచ్చింది. అంతకన్నా ముఖ్యంగా, 2012లో మొదలైన 'ఫ్రెండ్‌షిప్' అనే పథకం కింద ఇక్కడ చదివిన పిల్లలు జపాను విశ్వవిద్యాలయాల్లో ఎం.టెక్., పిహెచ్.డి. వంటి పై చదువులు చదవడానికి స్కాలర్షిప్పులు ఇచ్చారు.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. హైదరాబాదు ఐ.ఐ.టి. వారు, జపానులోని నిహోన్ విశ్వవిద్యాలయం వారు కలిసి పట్టుకున్న ఒక పెద్ద పరిశోధనకు విషయమేమిటో తెలుసా? అహ్మదాబాదు రోడ్ల మీది ట్రాఫిక్కు! స్కూటర్లు, ఆటోలు, బస్సులు, సైకిళ్ళు కలగాపులగంగా సాగే మన రోడ్డు వాళ్ళకు పాఠమయింది. కాబట్టి చెలిమి అంటే మనం చెయ్యి చాచి పుచ్చుకోవడమే అనుకోకండి. మన సమస్యలో కూడా ప్రపంచానికి నేర్చుకోవలసింది వుంది. మన పిల్ల అక్కడికి వెళ్ళేటప్పుడు ఖాళీ సంచితో వెళ్ళడం లేదు.

ఇంత చెప్పాక కూడా నాయనమ్మ ప్రశ్న మిగిలే వుంది, ఆడపిల్లని అంతదూరమా అని. దానికి నేను జవాబు చెప్పను. ఇద్దరు స్త్రీల సంగతి చెబుతాను.

ఒకరు మన తెలుగింటి ఆడపడుచు, ఎ. లలిత. 1919లో మద్రాసులో పుట్టారు. పదిహేనో ఏట పెళ్ళయింది. పద్దెనిమిదో ఏట భర్త పోయారు. చేతిలో నెలల పసిపాప. ఆ రోజుల్లో అటువంటి పిల్ల బతుకు వంటింటి మూలకు పరిమితమయ్యేది. కాని ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ప్రొఫెసరు. కూతురిని తమ కాలేజీలోనే చేర్చుకోవాలని అడిగారు. ఆడపిల్లలు చదవని ఆ కాలేజీలో ప్రిన్సిపాల్ చాకోగారు ఒప్పుకుని 1940లో చేర్చుకున్నారు. తర్వాత మరో ఇద్దరు అమ్మాయిలు కూడా చేరారు. డిగ్రీ పత్రాల మీద 'అతడు' అనే అచ్చు మాటను కొట్టేసి 'ఆమె' అని రాయవలసి వచ్చిందట! ఎలక్ట్రికల్ ఇంజనీరయిన లలితగారు కలకత్తాలో ఒక పెద్ద కంపెనీలో విద్యుత్తు లైన్లకు, సబ్‌స్టేషన్లకు డిజైన్లు చేశారు. భాక్రానంగల్ పనిలో కూడా ఆమె చెయ్యి వుంది. 1964లో న్యూయార్కులో ప్రపంచ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి మహాసభ జరిగితే మనదేశం నుంచి వెళ్ళారు. మరుసటి ఏడు లండనులోని మహిళా ఇంజనీర్ల సంఘం ఆమెను పూర్తి సభ్యురాలిగా తీసుకుంది. ఇదంతా ఆమె తెలివి వల్లే అయిందా? తెలివి వుంది, సందేహం లేదు. కాని వెనక ఒక తండ్రి వున్నాడు, బిడ్డను చూసిపెట్టిన పుట్టింటివారున్నారు. ఆ అండ లేకపోతే ఆ తెలివి ఎవరికి తెలిసేది?

రెండోవారు కర్ణాటకకు చెందిన రాజేశ్వరీ ఛటర్జీ. 1922లో పుట్టారు. వీరి అమ్మమ్మ, కమలమ్మ దాసప్పగారు, మైసూరు సంస్థానంలో డిగ్రీ చదివిన తొలితరం స్త్రీలలో ఒకరు. ఆడపిల్లల చదువుకోసం పాటుపడ్డారు. మనవరాలు లెక్కల్లో ఎం.ఎస్సీ. పూర్తిచేసి, బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్‌లో ఎలక్ట్రికల్ విభాగంలో పరిశోధనకు చేరింది. ప్రభుత్వ స్కాలర్షిప్పు వచ్చింది. 1947లో, మనకు స్వాతంత్ర్యం వస్తున్న నెలల్లోనే, ఓడెక్కి అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. ఇప్పటిలా గంట గంటకూ వీడియోలో ముఖం చూసుకునే వీలుందా? ఉత్తరం రాస్తే జవాబుకు వారాలు పట్టే రోజులు. ఎం.ఎస్. అయ్యాక వాషింగ్టనులో ఒక జాతీయ ప్రయోగశాలలో కొన్ని నెలలు పనిచేసింది. తర్వాత బార్బర్ స్కాలర్షిప్పు దొరికింది. ఆసియా దేశాల స్త్రీలు తమ దగ్గర చదువుకోవాలని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పెట్టిన స్కాలర్షిప్పు అది. దానితో డాక్టరేటు పూర్తిచేసి 1953లో బెంగుళూరుకే తిరిగి వచ్చారు. రాడార్లకూ, యాంటెన్నాలకూ పనికివచ్చే మైక్రోవేవ్ శాస్త్రం మన దేశంలో వేళ్ళూనుకోవడానికి పునాదివేసిన వాళ్ళల్లో ఆమె ఒకరు. పిహెచ్.డి. చేసిన విద్యార్థులు ఇరవై మంది ఆమె చేతికింద తయారయ్యారు.

చూశారా! ఒక అమ్మాయికి ఇచ్చిన ఒక్క స్కాలర్షిప్పు, ఇక్కడ ఒక ప్రయోగశాల అయింది, ఇరవై మంది పరిశోధకులయింది. నారు ఒక చోట పోసి, నాటు మరో చోట వేసినట్టు.

"అందరూ ఆమెలా తిరిగి వస్తారా?" అంటారు మీరు. రారు. వెళ్ళి అక్కడే స్థిరపడినవాళ్ళు ప్రతి పేటలోనూ వున్నారు. మన ఇళ్ళల్లోనే వుండవచ్చు. పండుగనాడు వాళ్ళ కుర్చీ ఖాళీగా వుంటే కలిగే బాధ నిజమైనదే, దాన్ని నేను తేలిక చెయ్యను. కాని మూడు నెలల ప్రయాణం వేరు, మూడు పదుల ఏళ్ళ కాపురం వేరు. రెండింటినీ ఒక్క గంపలో వేసి మొదటిదానికే తలుపు మూసెయ్యడం న్యాయం కాదు. ఇంకో మాట. అబ్బాయికి ఇదే అవకాశం వస్తే మిఠాయి పంచి, అమ్మాయికి వస్తే పంచాంగం తీసేవాళ్ళు మనలో లేకపోలేదు. ఎంపిక చేసినవాళ్ళు పిల్ల చేసిన పని చూసి ఎంచుకున్నారు. మనం కూడా పని చూసే నిర్ణయించాలి.

అలాగని అడగకుండా పంపమని నేను చెప్పడం లేదు. తల్లి తప్పకుండా అడగాలి. ఏమేం అడగాలో చెబుతాను, కాగితం దగ్గరుంటే రాసుకోండి.

మొదటిది: ఎవరు పిలుస్తున్నారు? అక్కడి ఆచార్యుని పేరేమిటి, ఏ ప్రయోగశాల, ఇక్కడి గైడుకి ఆయనతో పరిచయం వుందా? నిజమైన ఆహ్వానమైతే విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వుంటుంది. జర్మనీవారి 'డాడ్' సంస్థ నడిపే 'వైజ్' పథకం, కెనడావారి 'మైటాక్స్ గ్లోబ్‌లింక్' వంటివి పేరున్నవి. అలాంటి వాటి నిబంధనలు ఏటేటా మారుతుంటాయి కనుక ఆ సంవత్సరపు ప్రకటనే చదివించుకోండి.

రెండోది: ఏమి చెయ్యబోతున్నావు? "నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అని కూర్చోబెట్టండి. తనకు స్పష్టంగా తెలిసిన పిల్ల మనకు కూడా చెప్పగలదు. చెప్పలేకపోతే ఇంకొంచెం తెలుసుకోవాలని ఆమెకే తెలుస్తుంది. ఎటుచూసినా లాభమే.

మూడోది: ఎవరు ఏ ఖర్చు పెడతారు? విమానం టిక్కెట్టు, వీసా, వసతి, ఆరోగ్య బీమా, నెలసరి భృతి, ఇవి ఒక్కొక్కటి విడిగా రాసుకోవాలి. కొన్ని పథకాలు అన్నీ ఇస్తాయి, కొన్ని సగమే ఇస్తాయి. భృతి మొదటి నెల ఆలస్యమైతే చేతిలో వుండవలసిన డబ్బెంతో ముందే లెక్కవేసుకోండి.

నాలుగోది: ఇక్కడి చదువు ఏమవుతుంది? అక్కడ చేసిన పనికి మన యూనివర్సిటీ గుర్తింపు ఇస్తుందా, పరీక్షలు తప్పిపోతాయా? ఇది నోటిమాటగా కాక, డిపార్టుమెంటు నుంచి కాగితం మీద వుండాలి.

ఐదోది: ఎక్కడ వుంటావు, ఎవరికి ఫోను చెయ్యాలి? హాస్టలు చిరునామా, విదేశీ విద్యార్థులను చూసే ఆఫీసు నంబరు, ఆ ఊళ్ళో తెలిసినవారు ఎవరైనా వుంటే వారి నంబరు ఫ్రిజ్ తలుపుకి అంటించుకోండి. పాస్‌పోర్టు మాత్రం అవార్డు వచ్చేదాకా ఆగకుండా ముందే చేయించి పెట్టండి. చివరి క్షణంలో దానికోసం పరుగులుపెట్టి అవకాశం జారవిడుచుకోకూడదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. "మీ పిల్ల వ్యాసం అంతర్జాతీయ అవార్డుకు ఎంపికైంది, ఇంత సొమ్ము కడితే సర్టిఫికెట్టు పంపుతాం" అని వచ్చే సందేశాలు ఈ రోజుల్లో చాలా వున్నాయి. నిజమైన సభలకు కూడా నమోదు రుసుము వుంటుంది, అది మామూలే. కాని అవార్డు కోసం డబ్బు కట్టమన్నారంటే అది అవార్డు కాదు, అంగట్లో సరుకు. పిల్ల గైడుకు చూపించండి. వారు ఒక్క నిమిషంలో చెప్పేస్తారు.

ఇక, అవార్డు రాని పిల్లల మాట. దరఖాస్తు పెట్టిన వందమందిలో కొద్దిమందికే వస్తుంది. రానివాళ్ళు పనికిరానివాళ్ళు కారు. పరిశోధనలో ఆరు నెలలు చేసిన ప్రయోగం చెడిపోవడం కూడా సాధారణమే. ఆ దారి కాదని తెలియడం కూడా తెలుసుకోవడమే. మొదటిసారి దోసె పెనానికి అంటుకున్నదని పిండి పారబోస్తామా? సాయంత్రం ముఖం వేలాడేసుకుని వచ్చినప్పుడు "ఏమయింది?" అని కాక "ఏం తెలిసింది?" అని అడిగి చూడండి. ఆ పిల్ల ముఖంలో మార్పు మీకే కనిపిస్తుంది.

మనలో చాలామందికి ఇలాంటి అవకాశాలు రాలేదు. వచ్చినా ఇంట్లో అడిగే ధైర్యం చాలలేదు. ఇప్పుడు అడిగే పిల్ల మన ముందు నిలబడి వుంది. భయం వెయ్యడం తప్పు కాదు, అది తల్లి గుండె. ఆ భయాన్ని ఐదు ప్రశ్నలుగా మార్చి అడగండి. జవాబులు సరిగ్గా వుంటే "వెళ్ళి రా అమ్మా" అనండి. సరిగ్గా లేకపోతే "ఇది కాదు, ఇంకోటి చూసుకో" అనండి. అవార్డు ప్రకటించేవాళ్ళు ఎక్కడో వుంటారు. దాన్ని అందుకోవడానికి వీలు కల్పించవలసింది మాత్రం మన ఇల్లే.